మందు కంటే ముందు: విశాఖలో ఒక మెమరీ క్లినిక్ సన్నాహాలు

అల్జీమర్స్ వ్యాధి తొలి దశలో ఉన్నవారికి ఇచ్చే డోననెమాబ్ ఇంజెక్షన్‌కు మన దేశంలో 2025లో అనుమతి వచ్చింది. వార్త పత్రికల్లో పడగానే నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో సమావేశం పెట్టారు. మందు ఎక్కించడానికి ఎన్ని కుర్చీలు కావాలి, క్లినిక్ బోర్డు ఏ అంతస్తులో పెడితే బాగా కనిపిస్తుంది అన్నవి అక్కడ వచ్చిన మొదటి రెండు ప్రశ్నలు. న్యూరాలజీ విభాగం తరఫున నేను అడిగినవి వేరు. తెలుగులో జ్ఞాపకశక్తి పరీక్ష చేయగల సైకాలజిస్టు వారానికి ఎన్ని రోజులు ఉంటారు? ఎంఆర్‌ఐలో కనిపించే సూక్ష్మ రక్తస్రావపు మచ్చలను ఎవరు లెక్కపెడతారు? ఈ మందు తీసుకుంటున్న మనిషి అర్ధరాత్రి మాట తడబడుతూ క్యాజువాలిటీకి వస్తే డ్యూటీ డాక్టరు ఎవరికి ఫోను చేయాలి?

ఈ మూడింటికి జవాబులు వెతకడమే మా సన్నాహం. ఇది రాసే నాటికి మేము ఒక్కరికి కూడా మందు ఎక్కించలేదు. అయినా రాయదగిన కేసు ఇదేనని నాకనిపిస్తోంది. ఈ మందు కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది పనికిరాదు. వాళ్లకు కాదని చెప్పడం, చెప్పాక ఏం చేయాలో తెలిసి ఉండడం చేతకాని క్లినిక్కుకు మిగిలిన కొద్దిమందికి మందు ఇచ్చే అర్హత లేదు. సమావేశంలో ఈ మాట కొంచెం గట్టిగానే అన్నాను. బోర్డు సంగతి వాయిదా పడింది.

కింద చెప్పబోయే ముగ్గురు రోగుల వివరాలను గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

మందు గురించి క్లుప్తంగా

డోననెమాబ్ కోవకే చెందిన మరో మందు లెకానెమాబ్‌కు అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది. డోననెమాబ్‌కు 2024 జులైలో వచ్చింది. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను ఈ రెండూ తొలగిస్తాయి. లెకానెమాబ్‌ను రెండు వారాలకోసారి, డోననెమాబ్‌ను నాలుగు వారాలకోసారి నరం ద్వారా ఎక్కించాలి. పోయిన జ్ఞాపకశక్తిని ఇవి తిరిగి తేవు. క్షీణత వేగాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. 1,736 మందిపై జరిగిన డోననెమాబ్ పరీక్షలో, వ్యాధి మరీ ముదరనివారికి ఏడాదిన్నర కాలంలో కలిసొచ్చింది సగటున దాదాపు నాలుగున్నర నెలలని ఒక కొలమానం చెబితే, ఏడున్నర నెలలని మరో కొలమానం చెప్పింది. 1,795 మందిపై జరిగిన లెకానెమాబ్ పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది.

ప్రమాదం మెదడు వాపు రూపంలో, చిన్న చిన్న రక్తస్రావాల రూపంలో వస్తుంది. రెండింటినీ కలిపి ఆరియా అంటున్నారు. డోననెమాబ్ పరీక్షలో 24 శాతం మందికి స్కానులో వాపు కనిపించింది. లక్షణాలు బయటపడింది 6 శాతం మందిలోనే. కానీ ఆ పరీక్షలో ఆరియా వల్ల మరణాలు కూడా సంభవించాయి. మోతాదును మెల్లగా పెంచుకుంటూ పోతే వాపు తగ్గుతోందని తేలడంతో 2025లో అమెరికాలో మోతాదు పద్ధతిని మార్చారు. అదే ఏడాది జూన్‌లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ, ఖర్చుకు తగిన ప్రయోజనం లేదంటూ ఈ రెండు మందులనూ ప్రభుత్వ వైద్య సేవలో ఇవ్వడానికి తుది ముసాయిదాలో సిఫారసు చేయలేదు. ఈ సంగతి నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను. మందు అమ్మడానికి కూర్చున్న మనిషి చెప్పే మాట కాదది. అందుకే ఆ తర్వాత చెప్పేవి వాళ్లు నమ్మకంగా వింటారు.

తారీఖు తెలియని ఆవిడ

మొదటి కేసు భీమిలి వైపు నుంచి వచ్చిన 72 ఏళ్ల ఆవిడ. చదువు మూడో తరగతి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందని, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతోందని కోడలు తీసుకొచ్చింది. వేరే చోట పది నిమిషాల ఇంగ్లిషు పరీక్ష ఒకటి చేసి, ముప్పైకి పదమూడు మార్కులు వేసి, అల్జీమర్స్ అని చీటీ రాసి పంపారు. కోడలు ఆ చీటీ చేతిలో పట్టుకుని, "కొత్త ఇంజెక్షన్ వచ్చిందట కదండీ, అత్తయ్యకు వేయండి" అంది.

మా సైకాలజిస్టు ఆవిడను తారీఖు అడిగితే తెలియదంది. తిథి అడిగితే తడుముకోకుండా కార్తీక శుద్ధ దశమి అని చెప్పి, రేపు ఏకాదశి, ఉపవాసమని కూడా చేర్చింది. గోడ మీద కేలండర్ చూస్తే ఆవిడ చెప్పిందే సరి. వంద నుంచి ఏడేసి తీసేయమంటే బిత్తరపోయిన మనిషి, యాభై రూపాయలు ఇచ్చి పన్నెండు రూపాయల కొత్తిమీర కొంటే చిల్లర ఎంత రావాలని అడిగితే వెంటనే చెప్పింది.

అక్షరం రాని, కొద్దిగా చదువుకున్న పెద్దవాళ్లను పాశ్చాత్య పరీక్షలతో కొలిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. ఈ విషయం మన దేశంలో చాలాకాలంగా తెలిసిందే. తెలుగులో వాడదగిన సాధనాలు లేకా కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో తెలుగుకు అనువుగా మలిచిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్ష ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా అయిదు భాషల్లో ఉంది. కావాల్సింది వాటిని ఓపికగా చేసే మనిషి, ఆ మనిషికి ఓ గంట, తలుపు మూసుకునే ఒక గది. ఆ గది కోసం నేను చేసిన పోరాటం మందు కోసం కూడా చేయలేదు.

జబ్బు ఎప్పుడు మొదలైందో తేల్చుకోవడానికీ మాకు ఇక్కడి కొలతలే పనికొచ్చాయి. "ఎన్నేళ్లయింది?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "హుద్‌హుద్ తుపాను నాటికి బాగానే ఉన్నారా? కరోనా సమయంలో ఒంటరిగా బజారు పని చూసుకున్నారా? కిందటి చందనోత్సవానికి సింహాచలం క్యూలో ఎవరి చెయ్యి పట్టుకున్నారు?" అని అడిగితే ఇంట్లో వాళ్లు ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ తేల్చేస్తారు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది. విశాఖలో ఆ రోజు ఎక్కడ ఉన్నదీ ఎవరూ మరిచిపోరు. మరిచిపోయారంటే అదే ఒక సమాచారం. ఈ ప్రశ్నలను ఫారంలోనే అచ్చు వేయించాం.

ఆవిడ మందుల సంచి బల్ల మీద బోర్లిస్తే అసలు కథ బయటపడింది. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, నిద్రకు అల్ప్రజోలం, దురదకు పాతరకం అలర్జీ మాత్ర. చివరి రెండూ వృద్ధుల్లో మతిని మందగింపజేసేవే. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బి12 తగ్గుతుంది. పరీక్ష చేయిస్తే బాగా తగ్గి ఉంది. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. అలర్జీ మాత్ర మాన్పించాం. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకుండా వారాల మీద తగ్గించుకుంటూ వచ్చాం. కొన్ని నెలల తర్వాత వచ్చినప్పుడు కోడలి మీద ఆవిడే ఫిర్యాదులు చెప్పింది, తారీఖులతో సహా కాదుగానీ తిథులతో సహా. డోననెమాబ్ కోసం వచ్చిన మనిషికి ఆ మందు పేరు కూడా ఎత్తాల్సిన పని లేకుండానే క్లినిక్ పనికొచ్చింది.

అమిలాయిడ్ ఉందని తేల్చుకోవడం

లక్షణాలు సరిపోయినంత మాత్రాన మందు ఇవ్వకూడదు. మెదడులో అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి. దారులు మూడు: పెట్ స్కాన్, వెన్ను నీటి పరీక్ష, రక్తపరీక్ష.

అమిలాయిడ్ పెట్ స్కానుకు వాడే రసాయనాల్లో ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాని అర్ధాయువు 110 నిమిషాలే, అంటే అంతలోనే సగం తరిగిపోతుంది. తయారైన చోటు నుంచి మనిషి చేతిలోకి ఎక్కేలోపు గడిచే ప్రతి గంటా నష్టమే. క్యాన్సర్ కోసం పెట్ యంత్రం ఉన్నంత మాత్రాన అమిలాయిడ్ స్కాన్ చేయగలమని అర్థం కాదు. ఈ తేడా యాజమాన్యానికి అర్థం కావడానికి ఒక సమావేశం పూర్తిగా పట్టింది.

వెన్ను నీటి పరీక్ష మా చేతిలో పనే, ఖర్చూ తక్కువ. అడ్డంకల్లా భయం. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయన్న నమ్మకం ఉత్తరాంధ్రలో ఇంకా బలంగానే ఉంది. నేను బొమ్మలు గీసి చెప్పే పాఠం కంటే గదిలో ఉన్న కూతురో కోడలో, "నాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీసినప్పుడు వెన్నుకే కదా మత్తు ఇచ్చారు!" అనడం ఎక్కువ పనిచేస్తుంది. అందుకే ఆ మాటలు జరిగేటప్పుడు ఇంట్లోని ఆడవాళ్లు గదిలో ఉండేట్టు చూస్తున్నాం. సాంకేతికంగా ఒక జాగ్రత్త ఉంది. అమిలాయిడ్ గాజుకూ కొన్ని రకాల ప్లాస్టిక్కుకూ అంటుకుపోతుంది. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ మెదడులోనే పేరుకుపోయి వెన్ను నీటిలో తగ్గుతుంది. మామూలు ట్యూబులో పట్టిన నీటిలోనూ అది తక్కువగా తేలి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. పాలిప్రొపిలీన్ ట్యూబులు విడిగా తెప్పించి, ప్రయోగశాలలో పెట్టకుండా క్లినిక్ అలమారాలోనే ఉంచాం. రాత్రి డ్యూటీలో ఎవరో మెనింజైటిస్ కేసుకు వాటిని వాడేస్తే మళ్లీ మొదటికొస్తుంది కదా!

రక్తపరీక్ష మీద అందరికీ ఆశ. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అల్జీమర్స్‌లో పెరిగే పి-టావు 217 అనే ప్రొటీన్‌కూ అమిలాయిడ్‌లో ఒక రకమైన అమిలాయిడ్ 42కూ మధ్య నిష్పత్తిని కొలిచే రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఫలితం స్పష్టంగా అటో ఇటో ఉంటే వెన్ను సూది తప్పుతుంది. మధ్యలో తేలినవాళ్లకు మాత్రం రెండో పరీక్ష కావాల్సిందే. మా ప్రాంతానికి ఇందులో ప్రత్యేకంగా ఒక మెలిక ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నవారి రక్తంలో పి-టావు 217 అల్జీమర్స్ లేకపోయినా పెరుగుతుంది. మాకు శ్రీకాకుళం జిల్లా నుంచి రోగులు వస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తారంగా ఉందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చిన మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ పరీక్ష చేస్తే కిడ్నీ జబ్బును మెదడు జబ్బుగా చదివే ప్రమాదం ఉంది. అందువల్ల మా ఫారంలో క్రియాటినిన్ గడి నింపితేనే రక్తపరీక్ష గడి తెరుచుకుంటుంది. కంప్యూటర్ విభాగం కుర్రాళ్లు దీన్ని ఒక్క పూటలో చేసిపెట్టారు. మొత్తం సన్నాహంలో అడగగానే జరిగిపోయిన పని ఇదొక్కటే.

"కొన్ని" అంటే ఎన్ని?

మందు మొదలుపెట్టే ముందు ఎంఆర్‌ఐలో నాలుగు కంటే ఎక్కువ సూక్ష్మ రక్తస్రావాలు ఉంటే మందు వద్దు. మెదడు ఉపరితలం మీద రక్తపు చార ఉన్నా, ఒక సెంటీమీటరు మించిన పాత రక్తస్రావం ఉన్నా వద్దు. ఈ నియమం చదవడానికి తేలిక. మాకు వచ్చే రిపోర్టుల్లో మాత్రం "కొన్ని సూక్ష్మ రక్తస్రావాలు ఉన్నాయి" అని ఉంటుంది. మూడు కొన్నే, ఏడూ కొన్నే. రేడియాలజిస్టులతో కూర్చుని సంఖ్య తప్పనిసరిగా రాయాలని, ఎక్కడున్నాయో కూడా రాయాలని ఒప్పించాం. బీపీ వల్ల వచ్చేవి సాధారణంగా మెదడు లోతుల్లో ఉంటాయి, అమిలాయిడ్ వల్ల వచ్చేవి అంచుల్లో ఉంటాయి. బీపీ ఇంత విస్తారంగా ఉన్న చోట ఈ తేడా తెలియాలి.

ఇంకో చిక్కు యంత్రానిది. రక్తపు మచ్చలను పట్టడానికి జీఆర్‌ఈ అని ఒక పద్ధతి, ఎస్‌డబ్ల్యూఐ అని మరో పద్ధతి ఉన్నాయి. రెండోదానిలో మచ్చలు ఎక్కువ కనిపిస్తాయి. మొదటి స్కాన్ ఒక కేంద్రంలో జీఆర్‌ఈతో తీయించి, మూడో నెలలో మరో కేంద్రంలో ఎస్‌డబ్ల్యూఐతో తీయిస్తే, కొత్తగా ఏమీ జరగకపోయినా నాలుగు కొత్త మచ్చలు పుట్టుకొస్తాయి. అనవసరంగా మందు ఆపేస్తాం. డోననెమాబ్‌కు రెండో, మూడో, నాలుగో, ఏడో మోతాదులకు ముందు స్కాన్ కావాలి. చౌకగా దొరికిన చోట తీయించుకునే అలవాటు మన దగ్గర ఉంది, తప్పు పట్టలేం. అన్ని స్కాన్లకూ కలిపి ముందే ఒక ధర మాట్లాడి, ఒకే యంత్రం మీద తీసేట్టు యాజమాన్యాన్ని ఒప్పించాక గానీ ఈ చిక్కు తీరలేదు. వాళ్లు ఒప్పుకోవడానికి లాభం లెక్కలు చూపించాల్సి వచ్చింది. చూపించాను.

కాదని చెప్పిన కేసు

రెండో మనిషి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన 70 ఏళ్ల ఆయన. ఏడాదిగా పేర్లు మరిచిపోతున్నారు. బ్యాంకు పని కొడుకు చూస్తున్నాడు, అదీ న్యూజెర్సీ నుంచి. అమెరికాలో మందు దొరుకుతోందని, విశాఖలో ఎప్పుడు మొదలుపెడతారని కొడుకు వీడియో కాల్‌లో అడిగాడు. కావాల్సిన కాగితాలన్నీ చదివి వచ్చాడు. ఆయనకు గుండె లయ తప్పే జబ్బు ఉంది, రక్తం పలచబరిచే అపిక్సబాన్ వాడుతున్నారు. ఈ మందు మీద ఉన్నవారికి అమిలాయిడ్‌ను తొలగించే ఇంజెక్షన్ ఇవ్వొద్దని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెదడులో పెద్ద రక్తస్రావం అయ్యే ప్రమాదం అందుకు కారణం.

"అయితే ఆ మాత్ర ఆపేద్దాం డాక్టర్ గారూ" అన్నాడు కొడుకు.

అది ఆపితే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. కొన్ని నెలల జ్ఞాపకశక్తి కోసం ఒక కాలూ చెయ్యీ పందెం కాయలేమని చెప్పాను. కొడుక్కి కోపం వచ్చింది. దూరంగా ఉన్న పిల్లల కోపంలో సగం మనమీద కాదు, ఆ దూరం మీద. అది తెలిసి మాట్లాడితే సంభాషణ తెగిపోదు.

ఇలాంటి వారికి ఏం ఇస్తామన్నది మేము ముందే రాసిపెట్టుకున్నాం. మందు లేదన్న వాక్యం తర్వాత వెంటనే రెండో వాక్యం ఉండాలని మా నియమం. ఈయన విషయంలో ఆ రెండో వాక్యం చెవుల గురించి. మిల్లుల్లో దశాబ్దాలు పనిచేసిన ఆయనకు వినికిడి బాగా తగ్గింది. ఇంట్లో దాన్ని చాదస్తం కింద కట్టేశారు. వినికిడి లోపం డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ముప్పును పెంచే, సరిదిద్దదగిన 14 అంశాల్లో ఒకటని లాన్సెట్ కమిషన్ 2024లో మళ్లీ చెప్పింది. ఆ పద్నాలుగింటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో 45 శాతం కేసులు రాకుండా ఆపవచ్చో, ఆలస్యం చేయవచ్చో అని దాని అంచనా. వినికిడి యంత్రం పెట్టాక మళ్లీ చేసిన పరీక్షలో మార్కులు కొంచెం పెరిగాయి. జబ్బు తగ్గిందని కాదు, వినపడని ప్రశ్నలకు మొదటిసారి మార్కులు పోయాయి. ఈసీజీ చూసి, నాడి మరీ నెమ్మదిగా లేదని తేల్చుకుని, అల్జీమర్స్‌కు ఎప్పటి నుంచో వాడుతున్న డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టాం. పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం, బ్యాంకు ఖాతాలో భార్య పేరు చేర్చడం వంటివి మా కోఆర్డినేటర్ ఆమెకు కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన సంతకం ఇంకా తిన్నగా పడుతున్నప్పుడే చేయాల్సిన పనులవి.

రాత్రి పూట రిహార్సల్

ఇక నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం.

ఆరియా లక్షణాలు తలనొప్పి, అయోమయం, చూపు మసకబారడం, నడక తూలడం. కొందరిలో మాట పడిపోవడం, చెయ్యి బలహీనపడడం, ఫిట్స్. చివరి మూడూ అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తాయి. పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల్లోపు తీసుకొస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఆరియా ఉన్న మెదడుకు అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణాంతకమైన రక్తస్రావం జరగవచ్చు. లెకానెమాబ్ తీసుకుంటున్న ఒక రోగికి అమెరికాలో అలాగే జరిగి మరణించినట్టు వైద్య పత్రికల్లో వచ్చింది. పైగా క్యాజువాలిటీలో మొదట తీసేది సీటీ స్కాన్. ఆరియా దానిలో సరిగా కనిపించదు. సీటీ బాగుందని చూసి గడ్డ కరిగించే మందు ఇవ్వడం డ్యూటీ డాక్టరు తప్పు కాదు. ఆయనకు మేము నేర్పిందే అది.

అందుకే ఒక రాత్రి, ముందు చెప్పకుండా రిహార్సల్ పెట్టాం. ఫిజియోథెరపిస్టు ఒకాయన రోగి వేషం కట్టారు. కుడి చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తోంది. భార్యగా మా సీనియర్ నర్సు. అడిగితే తప్ప ఇంజెక్షన్ సంగతి చెప్పొద్దని ఆమెకు చెప్పాం. క్యాజువాలిటీ బృందం చురుగ్గా పనిచేసింది. షుగర్ చూశారు, బీపీ చూశారు, సీటీకి పంపారు. "ఏ మాత్రలు వాడుతున్నారమ్మా?" అని అడిగారు. "బీపీకి ఒకటి, షుగర్‌కు ఒకటి బాబూ" అంది నర్సు. గడ్డ కరిగించే మందు ట్రాలీ మీదికి వచ్చింది. అక్కడ ఆపాం.

ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. నెలకోసారి ఆసుపత్రిలో ఎక్కించే మందును మన ఇళ్లలో ఎవరూ "వాడుతున్న మాత్రల" కింద లెక్కపెట్టరు. ఫారంలో ఉన్న ప్రశ్న అలా ఉంది, దానికి వచ్చిన జవాబూ సరైనదే. ఇప్పుడు ఆ గడి కింద ఇంకో వాక్యం చేర్చాం: "గత ఏడాదిలో మతిమరుపుకు ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపి ఏదైనా మందు ఎక్కించారా?" అవునంటే గడ్డ కరిగించే మందు ఆగుతుంది, ముందు ఎంఆర్‌ఐ జరుగుతుంది. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయిందని తేలితే గడ్డను తీగతో లాగి తీసే మార్గం ఉంటుంది. కాదంటే మామూలు పద్ధతి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా. పక్షవాతం బృందం మొదట దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. మీ కొద్దిమంది కోసం మా వందలమందికి ఆలస్యం చేస్తారా అన్నారు. న్యాయమైన మాట. ఒక ప్రశ్నకు పట్టే సమయం మించి ఏమీ అడగమని మాట ఇచ్చాకే ఒప్పుకున్నారు.

ఆ రాత్రే ఇంకో సంగతి తెలిసింది. రాత్రి ఎంఆర్‌ఐ టెక్నీషియన్ ఇంటి నుంచి రావాలి. పక్షవాతానికి తీసే కుదించిన స్కానులో రక్తపు మచ్చలు చూపే చిత్రాల వరుస లేదు, సమయం మిగలడానికి ఎప్పుడో తీసేశారు. దాన్ని తిరిగి చేర్చారు. టెక్నీషియన్ రాత్రి ఆసుపత్రిలోనే ఉండే ఏర్పాటు మాత్రం ఇంకా కాలేదు.

మా గోడల లోపల ఇంత చేసినా రోగి మా దగ్గరికే వస్తాడన్న హామీ లేదు. గాజువాకలో ఉన్న మనిషిని అర్ధరాత్రి గాజువాకలోనే ఏదో ఆసుపత్రికి తీసుకెళ్తారు. విజయనగరంలో ఉంటే అక్కడికే. అందుకని ప్రతి రోగికీ ఒక ఎర్ర కార్డు అచ్చు వేయించాం. ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లిషు. "ఈ రోగికి అమిలాయిడ్ తొలగించే మందు ఇస్తున్నాం. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే గడ్డ కరిగించే మందు ఇచ్చే ముందు ఈ నంబరుకు ఫోను చేయండి." ఆ నంబరు నా సొంత ఫోనుది కాదు, 24 గంటలూ ఎవరో ఒకరు ఉండే న్యూరాలజీ డ్యూటీ గదిది. డాక్టరు పేరు మీద నడిచే వ్యవస్థ ఆ డాక్టరు పెళ్లికి వెళ్లిన రోజున ఆగిపోతుంది. కార్డు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలని, 108 సిబ్బందికి మొదట అదే చూపించాలని చెబుతున్నాం.

ఆరియా ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది. ఆ కాలంలో ఎంఆర్‌ఐ ఉన్న ఆసుపత్రికి త్వరగా చేరగలిగే చోట నివసించడం మా నియమాల్లో ఒకటి. పాడేరు ఘాట్ దిగి రావాల్సిన మనిషికి ఇది నగరంలో అద్దె ఇల్లు తీసుకోమని చెప్పడమే. అన్యాయంగా ఉందా? ఉంది. నియమం మాత్రం సడలించలేదు.

చెప్పొద్దన్న పేరు

మూడో మనిషి 66 ఏళ్ల రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, ఎంవీపీ కాలనీ. తొలిదశ. రక్తపరీక్షా వెన్ను నీటి పరీక్షా రెండూ అల్జీమర్స్‌నే చూపించాయి. ఎంఆర్‌ఐలో ఒకే ఒక్క మచ్చ. మా జాబితాలో అర్హత ఉన్న మనిషి.

కొడుకు ఆయన్ను బయట కూర్చోబెట్టి లోపలికి వచ్చాడు. "నాన్నగారికి ఆ పేరు చెప్పకండి, కుంగిపోతారు." ఇది నేను దాదాపు ప్రతి కుటుంబం నుంచీ వింటాను. మతిమరుపు ముదిరాక వచ్చినవారి విషయంలో కొన్నిసార్లు సర్దుకుపోతాం కూడా. ఇక్కడ అది కుదరదు. ప్రమాదం ఆయన మెదడుకు, సంతకం ఆయనది, రాత్రి తలనొప్పి వస్తే చెప్పాల్సింది ఆయన. తెలియని మనిషికి ఈ మందు ఇవ్వనని చెప్పాను. ఆయన్ను పిలిచి, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని అడిగాను.

"ముప్పై ఏళ్లు పరీక్ష ఫలితాలు చెప్పిన వాణ్ణి. నా ఫలితం నాకు చెప్పరా?" అన్నారాయన.

చెప్పాను. నాలుగున్నర నెలలు, ఏడున్నర నెలలు అన్న సగటులు చెప్పాను. కాసేపు లెక్క వేసుకుని, "అందులోంచి మీ ఆసుపత్రిలో గడిపే రోజులు తీసేస్తే ఎంత మిగులుతుంది?" అన్నారు. ఏ కంపెనీ కరపత్రంలోనూ లేని ప్రశ్న. స్కాన్లు, మోతాదులు, ఎక్కించాక అరగంట పరిశీలన అన్నీ కలిపి కాగితం మీద వేసి చూపించాం. ఇప్పుడు ఆ కాగితం అందరికీ ఇస్తున్నాం.

జన్యు పరీక్ష దగ్గర మాటలు బరువెక్కాయి. ఏపీఓఈ అనే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. వాటిలో ఇ4 రకంది ఒక్కొక్కటీ వాపు ప్రమాదాన్ని పెంచుతుంది. డోననెమాబ్ పరీక్షలో అది లేనివారిలో సుమారు 16 శాతం, ఒకటి ఉన్నవారిలో 23 శాతం, రెండు ఉన్నవారిలో 41 శాతం మందికి వాపు వచ్చింది. మందు ముందు ఈ పరీక్ష చేయడం మంచిది. కానీ తండ్రికి రెండు ఉన్నాయంటే కొడుక్కి కనీసం ఒకటి ఉన్నట్టే. కొడుకు పరీక్ష చేయించుకోకుండానే అతని ఫలితం బయటపడుతుంది. అందుకే రక్తం తీసేముందు పిల్లలను విడిగా కూర్చోబెట్టి ఇది చెప్పాలని నియమం పెట్టుకున్నాం. ఈ కుటుంబం ఒక రోజు గడువు అడిగి, మర్నాడు ఒప్పుకుంది. ఆయనకు ఒకటే ఉంది.

మందు వస్తే తీసుకుంటానన్నారు, ఒక షరతుతో. భార్యను గుర్తుపట్టలేని స్థితి వస్తే మందు ఆపేయాలని, అప్పుడు పిల్లలు వద్దన్నా వినొద్దని తన చేతిరాతతో రాసి, రసాయన సమీకరణం కింద గీసినట్టు రెండు గీతలు గీసి ఇచ్చారు. ఫైలులో మొదటి పేజీగా పెట్టాం. మిగతా రోగుల ఫైళ్లలోనూ అలాంటి పేజీ ఒకటి ఖాళీగా ఉంచుతున్నాం.

కుర్చీలు, ఫ్రిజ్, డబ్బు

కుర్చీల సమస్య అసలు రాలేదు. కీమోథెరపీ డే కేర్‌లో మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాయి, అక్కడి నర్సులకు మందు ఎక్కేటప్పుడు వచ్చే రియాక్షన్లు కొట్టిన పిండి. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, జనరేటర్‌కు కలిపిన ఫ్రిజ్ ఉంది. తుపానుల ఊళ్లో అది ముందే ఉంటుంది.

డబ్బు సంగతి వేరు. అమెరికాలో డోననెమాబ్ ఏడాది ఖరీదు 32,000 డాలర్లుగా ప్రకటించారు. ఇక్కడ మందు ధర ఎలా ఉన్నా దాని చుట్టూ ఉన్న పరీక్షల ఖర్చు కుటుంబం మీదే పడుతుంది. డోననెమాబ్‌లో ఒక సౌలభ్యం ఉంది. అమిలాయిడ్ తొలగిపోయిందని తేలితే ఆపేయవచ్చు. తేలాలంటే మళ్లీ పెట్ స్కాన్ కావాలి. మందు ఆపి డబ్బు మిగిల్చుకోవడానికి ముందు మళ్లీ డబ్బు ఖర్చుపెట్టమని చెప్పాలి. ఆ రెండో స్కాన్‌ను మొదట్లో మాట్లాడుకున్న ధరలోనే కలపాలని అడిగాను. యాజమాన్యం ఇంకా జవాబివ్వలేదు. రాత్రి టెక్నీషియన్ విషయం, ఈ స్కాన్ విషయం రెండూ తేలేదాకా మొదటి మోతాదు తేదీ ఖరారు చేయబోమని న్యూరాలజీ విభాగం రాసి ఇచ్చింది.